ఇంగ్లీషు లిటరేచర్ డిగ్రీ చదువుకి ప్లాన్ వేసుకోవడం ఎలా?

డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో (ఓఏఎండీసీ) సీటొచ్చింది, ఫీజు కట్టేశారు, మేజర్ (ముఖ్య సబ్జెక్టు) ఇంగ్లీషు. ఇంట్లోవాళ్లు "ఇంగ్లీషే కదా, ల్యాబుల్లేవు, రికార్డుల్లేవు, వచ్చేస్తాది" అంటున్నారు. మీక్కూడా లోపల అలాగే అనిపిస్తోంది. ఈ డిగ్రీలో పిల్లలు దెబ్బతినేది సరిగ్గా ఈ ధీమా దగ్గరే. క్లాసులు తక్కువగా కనిపిస్తాయి, ఎందుకంటే అసలు చదువంతా క్లాసు బయట జరగాలి. ఆ బయటి చదువుకి టైంటేబుల్ ఎవరూ ఇవ్వరు, మనమే వేసుకోవాలి.

పదేళ్లుగా విశాఖలో డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నాను. మూడో సెమిస్టర్‌కి వెనకబడిపోయేవాళ్లను చూస్తే చాలామంది చురుకైనవాళ్లే. వాళ్లు చేసిన పొరపాటల్లా పేపర్లు లెక్కపెట్టుకోవడం. "ఐదు పేపర్లు, నాలుగు నెలలు, చాలు" అనుకుంటారు. మీరు పేజీలు లెక్కపెట్టండి. చదవాల్సినవెన్ని, రాయాల్సినవెన్ని అన్నది తెలిస్తే మిగతా ప్లానంతా దాని వెనకే నడిచి వస్తుంది.

సిలబస్ కాపీతో మొదలుపెట్టండి

కాలేజీలో చేరిన మొదటి వారంలోనే మీ బ్యాచ్ సిలబస్ కాపీ సంపాదించండి. "మీ బ్యాచ్" అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఆంధ్రప్రదేశ్ డిగ్రీ చదువుల తీరు 2020-21లో ఒకసారి, 2023-24లో మేజర్, మైనర్ (తోడు సబ్జెక్టు) పద్ధతి వచ్చినప్పుడు మరోసారి మారింది. అటానమస్ కాలేజీలకి సొంత సిలబస్ ఉంటుంది. సీనియర్ అక్క ఇచ్చిన నోట్సు ఎంత బాగున్నా అది వేరే సిలబస్‌కి రాసినదయ్యే అవకాశం ఉంది. డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి "మేడం, మా బ్యాచ్‌కి ఆరు సెమిస్టర్ల సిలబస్ కావాలండి" అని అడగండి. ఇప్పుడు చదివే సెమిస్టర్ ఒక్కటే అడగొద్దు, ఆరూ కలిపి తీసుకుని జిరాక్సు తీయించండి.

ఆ కాగితాల మీద పెన్సిల్‌తో పని ఉంది. ప్రతి పుస్తకం పేరు పక్కనా మూడింట్లో ఒక గుర్తు పెట్టండి: మొత్తం చదవాల్సినదా, కొంత భాగమే ఇచ్చారా, లేక నేపథ్యంగా తెలిస్తే చాలా. ఎనిమిది లైన్ల పద్యమూ, నాలుగొందల పేజీల నవలా సిలబస్‌లో ఒకే సైజు అక్షరాల్లో పక్కపక్కనే అచ్చై ఉంటాయి. ఈ గుర్తు పెట్టుకుంటేగానీ వాటి బరువు తేడా కంటికి కనబడదు.

క్రెడిట్లు కూడా ఒకసారి చూసుకోండి. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) లెక్కలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల పాఠం. మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. అంటే సెమిస్టర్‌కి సుమారు 20. నాలుగు క్రెడిట్ల పేపరుకి 60 గంటల క్లాసు ఉంటుంది. అందులో మీరు ఇంట్లో కూర్చుని చదివే గంటలు కలవలేదు.

మీ వేగం ఎంతో కొలవండి

ఈ పని ఎవరూ చేయరు. పదిహేను నిమిషాల పని, ఇవాళే చేయండి. మీ సిలబస్‌లో ఉన్న ఒక నవల తీసుకుని, ఫోన్‌లో టైమర్ పెట్టి, అర్థమయ్యేలా మూడు పేజీలు చదవండి. వచ్చిన నిమిషాలను మూడుతో భాగించండి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి విక్టోరియన్ కాలపు వచనం మొదట్లో పేజీకి నాలుగైదు నిమిషాలు పట్టడం నేను మామూలుగా చూస్తుంటాను. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నవల సగానికొచ్చేసరికి ఆ రచయిత మాటతీరు చెవికి పట్టి వేగం దానంతటదే పెరుగుతుంది.

ఇప్పుడు లెక్క కట్టండి. 450 పేజీల నవల, పేజీకి నాలుగు నిమిషాలు: 1800 నిమిషాలు, అంటే 30 గంటలు. 15 వారాలకి పంచితే వారానికి రెండు గంటలు. పరీక్షకి ముందు పది రోజుల్లో చదవాలంటే రోజుకి మూడు గంటలు, అదీ ఒక్క పేపర్లో ఒక్క పుస్తకానికే. ఈ లెక్క కాగితం మీద కనబడ్డాక గైడు ఎందుకు కొంటున్నారో మీకే తెలుస్తుంది. వాయిదా వేసినవాళ్లకి ఇంక వేరే దారి ఉండదు.

డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’నే తీసుకోండి, మొత్తం 59 అధ్యాయాలు. రోజుకి రెండు చొప్పున చదివితే నెల రోజుల్లో ఐపోతుంది. అది మొదట 1860 డిసెంబర్ నుంచి 1861 ఆగస్టు దాకా వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆనాటి పాఠకులు వారం వారం ఎదురుచూస్తూ ఎనిమిది నెలలు చదివిన పుస్తకాన్ని మనం రెండు రాత్రుల్లో మింగాలని చూస్తాం! అధ్యాయం అధ్యాయానికీ ఆగి చదవడానికే అది రాశారు. మన పెద్దవాళ్లు వారపత్రికల్లో సీరియళ్లు ఎలా చదివేవారో ఇంట్లో అడగండి, ఆ పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది.

పద్యాలకి ఈ లెక్క కుదరదు. ఎలియట్ ‘ది వేస్ట్ ల్యాండ్’ 434 లైన్లే. గంటలో కళ్లు పరిగెత్తించేయొచ్చు, కానీ దానికి కనీసం ఆరేడు సిట్టింగులు రాసుకోండి. షేక్‌స్పియర్ నాటకమైతే మూడు సార్లు: ఒకసారి కథ కోసం, ఒకసారి కింద నోట్సు చూసుకుంటూ, మూడోసారి పైకి చదువుతూ. ముగ్గురు స్నేహితులు ఉంటే పాత్రలు పంచుకుని చదవండి. సాయంత్రం ఆర్కే బీచ్‌లో గట్టు మీద కూర్చుని చదువుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు.

గోడ క్యాలెండర్ మీద ప్లాన్

ఫోన్ యాప్‌లు వాడేవాళ్లు వాడుకోండి. నేను మాత్రం ఇంట్లో వేలాడే పెద్ద తెలుగు క్యాలెండర్‌నే వాడమంటాను. కారణం ఉంది. మన చదువుకి అడ్డొచ్చేవన్నీ అందులో ముందే అచ్చై ఉంటాయి. మొదటి సెమిస్టర్ మధ్యలో వినాయక చవితి, దసరా, దీపావళి. సంక్రాంతికి ఊరెళ్తే వారం పోతుంది. మాఘ మాసంలో పెళ్లిళ్లు. సింహాచలం చందనోత్సవం వైశాఖంలో, అక్షయ తృతీయ నాడు వస్తుంది. సింహాచలం, గోపాలపట్నం వైపు ఉండేవాళ్లకి ఆ రోజు పుస్తకం తెరవడం అయ్యే పని కాదు. అవన్నీ ముందే కొట్టేసి, మిగిలిన వారాలు లెక్కపెట్టండి. పదిహేను అనుకున్నవి పన్నెండో పదకొండో తేలతాయి. ప్లాన్ ఆ పదకొండు వారాలకి వేయండి.

అక్టోబర్‌లో ఒక వారం ఖాళీగా ఉంచండి. విశాఖలో ఉండేవాళ్లకి ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేను ఎంఏలో ఉన్నాను. కిటికీ అద్దం పగిలి నీళ్లు గదిలోకి వచ్చాయి. మంచం పక్కన పెట్టుకున్న రెండు లాంగ్ నోట్‌బుక్కులు, ఏడాదిన్నర రాసుకున్నవి, నానిపోయి పేజీకి పేజీ అతుక్కుపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. రోజుల తరబడి టెర్రస్ మీద ఎండలో పేజీలు విడదీస్తూ కూర్చున్నాను. సిరా కరిగిపోయిన చోట నేనేం రాశానో నాకే గుర్తు రాలేదు. అప్పటినుంచి నాది ఒకటే పద్ధతి: వారం వారం రాసుకున్నవి ఫోన్‌తో ఫోటో తీసి, ఆన్‌లైన్‌లో దాచుకోవడం. మీరూ ఆదివారం రాత్రి ఐదు నిమిషాలు దానికి కేటాయించండి.

క్యాలెండర్ మీద తేదీలు వేసేటప్పుడు వెనక నుంచి ముందుకి రండి. మిడ్ పరీక్ష ఎప్పుడు, అసైన్‌మెంట్ ఎప్పుడు ఇవ్వాలి అన్నవి ముందు వేసి, అసైన్‌మెంట్‌కి పది రోజుల ముందు "చిత్తు ప్రతి" అని రాయండి. దానికి వారం ముందు "చదవడం పూర్తి". మీకు మీరు పెట్టుకునే అసలు గడువు ఈ చదవడం పూర్తయ్యే తేదీయే.

మీ చేతిలో ఉన్న ఎంపికలు

మేజర్ పేపర్లు చాలా కాలేజీల్లో ముందే ఖాయమై ఉంటాయి. మన ఎంపిక నడిచేది మైనర్, స్కిల్ కోర్సులు, ఎలెక్టివ్‌లు, కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ పోర్టల్‌లో చేసే ఆన్‌లైన్ కోర్సుల దగ్గర. వీటిని "ఏది సులువు" అని ఎంచుకుంటే మూడేళ్లకి చేతిలో ఏమీ మిగలదు.

మైనర్‌కి నా మొదటి ఓటు చరిత్రకి. 1789 ఫ్రెంచి విప్లవం తెలియకుండా వర్డ్స్‌వర్త్, 1835 మెకాలే మినిట్ (ఇంగ్లీషు చదువు పెట్టాలని ఆయన రాసిన నోట్) తెలియకుండా మన దేశంలో ఇంగ్లీషు చదువు అర్థం కావడం కష్టం. రాసే వైపు వెళ్లాలనుకునేవాళ్లకి జర్నలిజం. తెలుగు మైనర్ దొరికితే దాన్ని తక్కువ చూడొద్దు, అనువాదంలో పని చేయాలనుకునేవాళ్లకి అంతకన్నా మంచిది లేదు. ల్యాబ్ గంటలు ఎక్కువుండే మైనర్ మాత్రం ఆలోచించి తీసుకోండి. అది తినేది మీరు చదువుకునే మధ్యాహ్నాలనే.

ఒక సెమిస్టర్‌లో చదువు బరువు ఉన్న పేపర్లే మూడు పడ్డాయా? అప్పుడు ఎంపిక మీ చేతిలో ఉన్న చోట రాసే కోర్సు పెట్టుకోండి, క్రియేటివ్ రైటింగో టెక్నికల్ రైటింగో. చదివి అలసిన తలకి రాయడం కొంత ఊరట. పైగా అక్కడ చదివింది ఇక్కడ రాయడానికి పనికొస్తుంది. స్వయం కోర్సు చేసేముందు దాని క్రెడిట్లు మీ కాలేజీ ఒప్పుకుంటుందో లేదో కాగితం మీద రాయించుకోండి. నోటి మాటతో చేరి, ఆఖర్లో క్రెడిట్లు కలవక ఇబ్బందిపడ్డ పిల్లలు నాకు తెలుసు.

ఏది ముందు, ఏది తర్వాత

సిలబస్ వరస ఎలా ఉన్నా మీ సొంత చదువుకి ఒక వరస ఉండాలి. మొదటి ఏడాది ఇంగ్లీషు సాహిత్య చరిత్ర ఒక్కసారి మొత్తం చదివేయండి. గుర్తుండకపోయినా ఫర్వాలేదు, ఊరి మ్యాపు చూసినట్టు. చాసర్ ఎక్కడ, మిల్టన్ ఎక్కడ, 1798లో ‘లిరికల్ బ్యాలడ్స్’ వచ్చాక ఏం మారింది అన్నంత తెలిస్తే చాలు. రెండో ఏడాది నవలలు, నాటకాలు. విమర్శ, సిద్ధాంతాల పుస్తకాలు మూడో ఏడాదికి. కథలే చదవకుండా సిద్ధాంతం చదివితే మాటలు మాత్రమే నోటికొస్తాయి.

ఇంకో మాట, నాకు చాలా ఇష్టమైనది. ప్రతి ఇంగ్లీషు పుస్తకం పక్కన ఒక తెలుగు పుస్తకం పెట్టుకోండి. చైతన్య స్రవంతి (పాత్ర మనసులో సాగే ఆలోచనల్నే కథగా నడిపే) పద్ధతిలో రాసిన ఇంగ్లీషు నవలలు క్లాసులో వచ్చినప్పుడు పిల్లలు తల పట్టుకుంటారు. అప్పుడు నేను రావిశాస్త్రి గారి ‘అల్పజీవి’ చదవమంటాను. ఆయన ఈ ఊళ్లోనే వకీలుగా ఉన్నవారు. మనిషి మనసులో మాట ఎలా తిరుగుతుందో సొంత భాషలో ఒకసారి చూశాక ఇంగ్లీషులో అదే పద్ధతి భయపెట్టదు.

భారతీయ ఇంగ్లీషు సాహిత్యం పేపర్ వచ్చినప్పుడు కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్ గారి ‘ఇండియన్ రైటింగ్ ఇన్ ఇంగ్లీష్’ తీసి చూడండి. 1962లో వచ్చిన పుస్తకం. ఆయన మన ఆంధ్రా యూనివర్సిటీలో ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా, తర్వాత వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. ఈ సబ్జెక్టుకి దేశమంతా వాడుకున్న చరిత్ర వాల్తేరులో పాఠాలు చెప్పిన మనిషి రాసినదని తెలిశాక నా పిల్లలు ఆ పుస్తకాన్ని ఇంకోలా పట్టుకుంటారు.

పుస్తకాలకి డబ్బు లేకపోతే ఆగిపోవద్దు. మన దేశంలో రచయిత చనిపోయిన 60 ఏళ్లకి కాపీరైట్ తీరిపోతుంది. కాబట్టి షేక్‌స్పియర్ నుంచి హార్డీ దాకా అంతా ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ లాంటి చోట ఉచితంగా దొరుకుతుంది. దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నో పాఠాలు ఈజ్ఞానకోశ్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. కూర్చుని చదువుకోవడానికి ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలోని వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో చూడాల్సిన పుస్తకం ఉంటే మీ ప్రిన్సిపాల్ దగ్గర లెటర్ తీసుకుని వెళ్లి అడగండి.

రాయడం ఎప్పుడు, ఎలా

వారానికి ఒక పేజీ. మొదటి సెమిస్టర్ మొదటి వారం నుంచి. ఇది తప్పితే మిగతా ప్లానంతా సగమే.

నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మీద పుస్తకంలోని వాక్యం, పేజీ నంబరుతో సహా దించుకోండి. కుడి పేజీ మీ మాటలకి. పేజీ నంబరు అప్పటికప్పుడే వేయాలి. ఆరు వారాల తర్వాత ఆ వాక్యం ఎక్కడుందో వెతకడానికి ఒక సాయంత్రం పోతుంది. ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) స్టైల్‌లో రిఫరెన్సులు ఇవ్వడం కూడా మొదటి ఏడాదిలోనే చేతికి అలవాటు చేసుకోండి.

రాయడానికి ఏముంటుంది అంటారా? ఒక ఉదాహరణ చూపిస్తాను. వర్డ్స్‌వర్త్ ‘ఎ స్లంబర్ డిడ్ మై స్పిరిట్ సీల్’ ఎనిమిదే లైన్లు, రెండు చరణాలు. పోయినేడు ఒక అమ్మాయి వచ్చి "మేడం, ఇందులో రాయడానికేమీ లేదండి, ఒకమ్మాయి చనిపోయింది, అంతే" అంది. "చనిపోయింది అన్న మాట ఎక్కడుందమ్మా, చూపించు" అన్నాను. వెతికింది. లేదు. సరే, క్రియల కింద గీతలు పెట్టమన్నాను. మొదటి చరణమంతా గడిచిన కాలం, రెండోది ఇప్పటి కాలం, "నౌ" అన్న మాటతో సహా. రెండు చరణాల మధ్య ఉన్న ఆ తెల్లటి ఖాళీలోనే ఆ అమ్మాయి పోయింది. కాసేపటికి తనే ఇంకోటి పట్టుకుంది: మొదటి చరణంలో ఆమె కాలం తాకలేని ఒక "థింగ్"లా అనిపించింది అంటాడు. రెండో చరణంలో రాళ్లతో, చెట్లతో కలిసి భూమితోపాటు తిరుగుతూ నిజంగానే వస్తువైపోయింది. ఇంకా "డైయర్నల్" అన్న బరువైన మాట, చిన్న చిన్న మాటల మధ్య ఒక్కటే ఎందుకుంది? మర్నాడు నాలుగు పేజీలు రాసుకొచ్చింది. అందులో గైడు నుంచి దించింది ఒక్క వాక్యం లేదు.

ఇలా రాయాలంటే పద్యం గురించి ఎవరో చెప్పింది ముందు చదవకూడదు. మొదట మీరు, తర్వాత క్లాసు, ఆ తర్వాతే విమర్శకులు. ఏఐతో రాయించుకోవడం గురించీ అదే నా మాట. ఆ గీతలు పెట్టే అరగంటే మీ చదువు, దాన్ని ఇంకొకళ్లకి ఇచ్చేస్తే డిగ్రీలో మీ వంతు ఏమీ ఉండదు.

సృజనాత్మకంగా రాయాలనుకునేవాళ్లు నెలకొకసారి అనువాదం చేయండి. మన ఉత్తరాంధ్ర మాటల్లో నడిచే కథ ఒక పేజీ తీసుకుని ఇంగ్లీషులోకి మార్చండి. "ఏటి సెప్పమంటావు" అన్నదాన్ని ఇంగ్లీషులో ఎలా పలికిస్తారు? తప్పు ఇంగ్లీషుగా రాస్తే ఆ మనిషిని చిన్నబుచ్చినట్టవుతుంది, శుద్ధంగా రాస్తే మనిషే మాయమవుతుంది. దీంతో గంటసేపు కుస్తీ పడితే రెండు భాషల మీదా పట్టు వస్తుంది.

ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును సర్టిఫికెట్ కోసం తోసేయకండి. జాలరిపేటకి వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడి, వేట గురించి, తుపాన్ల గురించి వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకుని, ముందు వాళ్లకే చదివి వినిపించి, తర్వాత ఇంగ్లీషులోకి తేవచ్చు. ఇంటర్న్‌షిప్‌కి ఇంగ్లీషు పత్రికల విశాఖ ఆఫీసులు, రుషికొండ ఐటీ కంపెనీల్లో కంటెంట్, డాక్యుమెంట్లు రాసే పనులు అడగండి. సెలవులు మొదలవడానికి రెండు నెలల ముందే అడగాలి. అడిగేటప్పుడు చేతిలో మీరు రాసిన మూడు నాలుగు మంచి పేజీలు ఉండాలి.

ఐదో సెమిస్టర్‌లో కూర్చుని తేల్చుకోవాల్సింది

మూడేళ్లకి బయటికి వస్తారా, నాలుగో ఏడాది ఆనర్స్ చేస్తారా అన్నది తేల్చుకోవడం ఆఖరి పరీక్షల హడావిడిలో కుదరదు. పీజీ అయితే రాష్ట్రంలోని యూనివర్సిటీలకి ఏపీ పీజీసెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ రాయాలి. నాలుగేళ్లు చేసినవాళ్లకి ఏడాది పీజీ పెట్టుకోవడానికి యూజీసీ వీలిచ్చింది. మీరు చేరాలనుకునే చోట అది ఉందో లేదో ముందు కనుక్కోండి.

లెక్చరర్ అవ్వాలనుకుంటే దానికి అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ సిలబస్ ఇప్పుడే ఒకసారి చూడండి. ఇంగ్లీషుకి పది యూనిట్లు, రెండో పేపర్లో 100 ప్రశ్నలు, 200 మార్కులు. నాటకం, కవిత్వం, కథ, నవలతో పాటు భాషాబోధన, మన దేశంలో ఇంగ్లీషు చరిత్ర కూడా ఉంటాయి. రాష్ట్ర స్థాయిలో అలాంటి పరీక్షే అయిన ఏపీసెట్‌ను మన ఆంధ్రా యూనివర్సిటీయే నిర్వహిస్తుంది. లెక్చరర్ అర్హత కోసం ఈ రెండూ పీజీ ఆఖరి ఏడాదిలోనో ఆ తర్వాతో రాసేవే, అయినా మీ డిగ్రీ నోట్సులో ఏ పుస్తకం ఏ యూనిట్ కిందికి వస్తుందో పక్కన అంకె వేసుకుంటూ వెళ్తే అప్పుడు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోనక్కర్లేదు.

నాలుగో ఏడాది రీసెర్చ్‌తో ఆనర్స్ కావాలంటే యూజీసీ నిబంధన ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. ఆ లెక్కలోకి మొదటి సెమిస్టర్ కూడా వస్తుంది. కాబట్టి దాని మార్కుల మెమో రాగానే సిలబస్ జిరాక్సు ఉన్న ఫైల్లోనే పెట్టి, 75కి ఎంత దూరంలో ఉన్నారో పైన పెన్సిల్‌తో రాసుకోండి.